తెలిసి చేసిన తప్పుకు వీరతాడు

'అస్మదీయులు, తస్మదీయులు' అన్న జంట కనిపించని వారం మన రాజకీయ పుటల్లో అరుదు. నామినేటెడ్ పదవులు పంచినా, అధికారుల బదిలీలు జరిగినా, ఎవరి బిల్లులో ఆగిపోయినా ఈ రెండు మాటలూ చెట్టపట్టాలేసుకుని వచ్చేస్తాయి. మొదటి మాటకు వ్యాకరణం ఉంది. సంస్కృతంలో 'అస్మద్' నుంచి అస్మదీయ, అంటే మనకు చెందినవాడు. 'యుష్మద్' నుంచి యుష్మదీయ, మీకు చెందినవాడు. 'తద్' నుంచి తదీయ, వాడికి చెందినవాడు. తస్మదీయ మాత్రం ఏ సూత్రానికీ పుట్టిన బిడ్డ కాదు. ఆ మాట పుట్టింది 1957లో విడుదలైన 'మాయాబజార్'లో, పింగళి నాగేంద్రరావు కలం నుంచి. ఘటోత్కచుడి పరివారానికి సంయుక్తాక్షరాలు నోరు తిరగవు. దుష్ట చతుష్టయం వాళ్ళ నోట 'దుసట చతుసటయం' అవుతుంది. అస్మదీయులు 'అసమదీయులు' అవుతారు. అదే ఊపులో మనవాళ్ళు కానివాళ్ళు 'తసమదీయులు' అయి కూర్చుంటారు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు ఆ మాటను తప్పుపట్టడు సరికదా, ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎక్కడి నుంచి వస్తాయని మెచ్చుకుని వీరతాళ్ళు వేయిస్తాడు. ఆ తర్వాత పత్రికల డెస్కులు 'తసమ'ను 'తస్మ'గా దిద్దాయి. భాషలో లేనే లేని మాటకు ఉచ్చారణ దోషం సవరించిన ఘనత మనదే.

ఒక మాట ఉండాల్సిన చోట, దానిలాగే వినిపించే వేరే మాటను తప్పని తెలిసి తెలిసి కూర్చోబెట్టడాన్ని మనం సాధారణంగా కాసేపటి కాలక్షేపం కింద జమకడతాం. పిల్లచేష్ట అని కొందరంటారు, భాషాద్రోహం అని మరికొందరు. అది భాష మీద గట్టి పట్టున్న రచయిత మాత్రమే చేయగల పని అనీ, దాన్ని మామూలు తప్పుతో కలిపి చూడడం పొరపాటు అనీ నా వాదం. రెంటికీ తేడా తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. తప్పు మాట తీసేసి ఒప్పు మాట పెట్టి చూడండి. ఏమీ పోకపోతే అది ఉత్త తప్పు, లేదా ఉత్త గిల్లుడు. ఏదైనా పోతే, ఆ పోయినదే రచయిత చెప్పదలచుకున్నది.

తసమదీయులకు ఈ పరీక్ష పెడదాం. మనవాళ్ళు కానివాళ్ళకు భాషలో మాటల కరవేమీ లేదు. పరులు, పరాయివాళ్ళు, ప్రత్యర్థులు, శత్రువులు అన్నీ ఉన్నాయి. ఆ చోట 'పరులు' అని పెడితే వ్యాకరణం కుదుటపడుతుంది, ప్రాణం పోతుంది. పరులు అన్నప్పుడు వాళ్ళకు వాళ్ళదంటూ ఒక ఉనికి ఉంటుంది. తసమదీయులకు అది లేదు. అసమదీయుల మాట నుంచి ఒక్క అక్షరం మార్చి అచ్చుపోసిన శాల్తీలు వాళ్ళు. మన వర్గం అన్నది ఉంది కాబట్టే అవతలి వర్గం పుట్టుకొచ్చింది తప్ప దానికి వేరే కారణం లేదు. ముఠా రాజకీయాల తత్త్వం ఇంతకంటే పొట్టిగా చెప్పడం కష్టం. పత్రికా రచయితలు ఇన్ని దశాబ్దాలుగా ఆ మాటను వదలకపోవడానికి సినిమా మీద మమకారం ఒక్కటే కారణమని నేననుకోను. ఒప్పు మాటలు చేయలేని పని ఆ తప్పు మాట చేసిపెడుతోంది.

అదే సినిమాలో గింబళి, గిల్పం ఉన్నాయి. ఇక్కడ పింగళి పట్టుకున్నది సంస్కృత వ్యాకరణాన్ని కాదు, అచ్చ తెలుగు అలవాటును. అన్నం గిన్నం, పుస్తకం గిస్తకం, పెళ్ళీ గిళ్ళీ అంటాం. ఏ మాటకైనా మొదటి అక్షరం తీసేసి 'గి' తగిలిస్తే 'వగైరా' అన్న అర్థం వస్తుంది. బళ్ళో ఎవరూ నేర్పకుండానే పసిపిల్లలకు కూడా పట్టుబడే సూత్రం ఇది. అయితే గిన్నం అన్నది ఒంటరిగా నిలబడదు. అన్నం పక్కన లేకపోతే దానికి అర్థం లేదు. పింగళి ఆ నీడకు ఒళ్ళు తొడిగాడు. కంబళి ఒక వస్తువు, గింబళి ఇంకో వస్తువు. తల్పం వేరు, గిల్పం వేరు. ఆ రెండోవి ఎక్కినవాణ్ణి కుదురుగా ఉండనివ్వని మాయ సామాన్లు. ప్రేక్షకుడు నవ్వింది వింత శబ్దానికి కాదు. ఆ శబ్దం తన నాలుక మీద రోజూ ఆడేదే, దానికి ఇంతవరకు అర్థం లేదు, ఇప్పుడు హఠాత్తుగా వచ్చింది. ఇష్టమొచ్చినట్టు అక్షరాలు కలిపితే గింబళి రాదు. మాతృభాష లోపలి కీళ్ళు ఎక్కడెక్కడ వంగుతాయో తెలిసినవాడికే వస్తుంది.

దీన్ని శ్లేషతో కలపకూడదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'రాఘవపాండవీయం'లో ఒకే పద్యాలతో రామాయణాన్నీ భారతాన్నీ నడిపించాడు. (ఇంటిపేరు ఒకటే గానీ ఈ పింగళి పని వేరు.) శ్లేషలో మాటకు రెండు అర్థాలూ న్యాయంగా ఉంటాయి. ఎటు విరిచినా నిఘంటువు సాక్ష్యం చెబుతుంది. మనం మాట్లాడుకుంటున్న దాంట్లో నిఘంటువు సాక్ష్యం చెప్పదు, ఫిర్యాదు చేస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దీనికొక పాత్ర పేరే పెట్టుకున్నారు. షెరిడన్ 1775లో రాసిన 'ది రైవల్స్' నాటకంలో మిసెస్ మాలాప్రాప్ అనే పెద్దమ్మ గొప్ప మాటలు వాడాలన్న సరదాలో నైలు నది ఒడ్డున ఉండే 'ఎలిగేటర్'ను 'ఎలిగరీ' చేసేస్తుంది. మొసలి కాస్తా అన్యాపదేశమైపోతుంది. ఆ తప్పు చేసింది పాత్ర, చేయించింది షెరిడన్. పాత్రకు తెలియదు, రచయితకు తెలుసు, ప్రేక్షకుడికి తెలుసు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు తప్పినా ఆ హాస్యం పండదు.

దీనిమీద మొదటి అభ్యంతరం శుద్ధివాదులది. పాఠకుల్లో సగం మందికి ఒప్పేదో తెలియని రోజుల్లో రచయితలే తప్పులు ప్రచారం చేస్తే ఎలా అంటారు. ఈ భయం నిన్నామొన్నటిది కాదు. క్రీస్తుకు పూర్వమే పతంజలి తన మహాభాష్యం మొదట్లో వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ అసురుల కథ ఎత్తుకున్నాడు. శత్రువులను 'హే అరయః' అని పిలవబోయి అసురులు 'హేలయః' అన్నారట. రకారం లకారమైంది, వాళ్ళు ఓడిపోయారు. కాబట్టి అపశబ్దం పలకరాదు అన్నది అక్కడి తీర్పు. నోరు తిరగని రాక్షసులు ఆ గ్రంథంలో పరాజితులు. రెండు వేల ఏళ్ళు గడిచాక నోరు తిరగని రాక్షసులే మాయాబజార్‌లో వీరతాళ్ళు వేయించుకున్నారు. పింగళి మనసులో మహాభాష్యం ఉందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, ఆ అవసరమూ లేదు. ఒకే దృశ్యానికి సంప్రదాయంలో రెండు తీర్పులు ఉన్నాయని గుర్తిస్తే చాలు. పతంజలి భయపడిన తప్పు తెలియక చేసిన తప్పు. యాగంలో మంత్రం చదివేవాడికి అది నిజంగానే ప్రమాదం. కోర్టు తీర్పు రాసేవాడికీ, మందు చీటీ రాసేవాడికీ ఇవాళ కూడా ప్రమాదమే. కథ రాసేవాడికి ఆ నియమం వర్తించదు. అతను తప్పును పలకడం లేదు, చూపిస్తున్నాడు.

తెలియక చేసిన తప్పును తెలిసిన రచయిత చేతిలో పెడితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి మన నేలకు సంబంధించినదే ఉంది. సోమదేవుడి 'కథాసరిత్సాగరం'లోది. శాతవాహన రాజు రాణులతో జలక్రీడలాడుతుంటాడు. అలసిపోయిన రాణి ఒకామె, ఇక నీళ్ళతో కొట్టవద్దు అన్న అర్థంలో 'మోదకైః' అంటుంది. మా, ఉదకైః కలిసిన సంధి అది. రాజుకు సంధి తట్టలేదు, లడ్డూలు వినిపించాయి. మోదకాలు తెప్పించాడు. రాణి నవ్వింది. సిగ్గుతో మంచం పట్టిన రాజుకు సంస్కృతం నేర్పడానికి మంత్రుల మధ్య పంతం నడిచింది. ఆరేళ్ళలో నేర్పుతానన్న గుణాఢ్యుడితో ఆరు నెలల్లో నేర్పుతానని శర్వవర్మ పందెం కాశాడు. శర్వవర్మ గెలుపు వెనక కాతంత్ర వ్యాకరణం ఉంది. గుణాఢ్యుడు ఓడి సంస్కృత, ప్రాకృత, దేశభాషలు మూడింటినీ విడిచి పైశాచీ భాషలో బృహత్కథ రాశాడు. చరిత్రగా ఇది నిలుస్తుందా లేదా అన్నది వేరే సంగతి. ఒక వ్యాకరణమూ ఒక మహాకథా ఎలా పుట్టాయో చెప్పవలసి వచ్చినప్పుడు మన కథకులు ఎంచుకున్న కారణం ఒక పొరపాటు వినికిడి అన్నది గమనించాలి. ఆ పొరపాటును వాళ్ళు ఎంత జాగ్రత్తగా అల్లారో చూడండి. సంధి విడదీయడం చేతనైనవాడికే ఆ కథలో నవ్వు దొరుకుతుంది. రాజు అజ్ఞానాన్ని చూసి నవ్వాలంటే వినేవాడు ముందు రాజుకంటే ఎక్కువ చదువుకోవాలి.

రెండో అభ్యంతరం రసికులది. ఇదంతా శబ్దంతో చేసే గారడీ, ఉత్తమ సాహిత్యం కాదంటారు. వాళ్ళ వెనక పెద్దలే ఉన్నారు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వని లేని చిత్రకావ్యాన్ని కావ్యమని ఒప్పుకోవడానికే మొహమాటపడ్డాడు. శబ్దం కోసమే శబ్దం అయితే నేనూ వాళ్ళ పక్షమే. ధరలు పెరిగినప్పుడల్లా 'ధరాఘాతం' అని శీర్షిక పెట్టడం మొదటిసారి చమత్కారం, వందోసారి బద్ధకం. అక్కడ 'ధరల దెబ్బ' అని పెట్టినా పోయేదేమీ లేదు. టీవీ కార్యక్రమాల్లో నిమిషానికొకటి పేలే ప్రాస పంచ్‌లలో చాలావాటికీ ఇదే గతి. కానీ గారడీ అన్న ముద్ర అన్నిటికీ వేసేముందు అవధాన వేదిక వైపు ఒకసారి చూడాలి. తిరుపతి వేంకట కవుల నాటి నుంచి ఊరూరా జనం కూర్చుని విన్న విద్య అది. దత్తపదిలో పృచ్ఛకుడు వడ, దోస, పూరి, అట్టు అని నాలుగు టిఫిన్ల పేర్లిచ్చి ద్రౌపదీ స్వయంవరం వర్ణించమంటాడనుకుందాం. అవధాని చేతిలో వడ 'వడకుచున్న' రాజులవుతుంది, దోస 'దోసిట' పూలవుతుంది, పూరి శంఖం 'పూరించడం'లో కలిసిపోతుంది, అట్టు 'అట్టులనే' అయి ఊరుకుంటుంది. సమస్యాపూరణంలో 'రణమే సుఖము' అని అడ్డగోలు మాట ఇస్తే ముందు పాదం చివర ఒక్క 'శ' చేర్చి 'శరణమే సుఖము' చేస్తాడు. పృచ్ఛకుడు చేసింది బుద్ధిపూర్వకమైన అపప్రయోగం. అవధాని దాన్ని సుప్రయోగంగా తిప్పుతాడు. హోటల్ నుంచి హస్తినకు ఒక్క అక్షరం దూరమేనని సభకు తెలిసిపోతుంది. దీన్ని పండితులు విద్య అని గౌరవిస్తూ, సినిమా రచయిత చేస్తే కోతిచేష్ట అనడం న్యాయం కాదు.

మూడో అభ్యంతరం వీటన్నిటికంటే బరువైనది. దానికి తేలికైన జవాబు లేదు. నోరు తిరగనివాడి మాటను చూసి నవ్వడం అంటే చదువు అందనివాణ్ణి చూసి నవ్వడమే కదా అన్నది ఆ ప్రశ్న. తెలుగు సినిమా దశాబ్దాల తరబడి ఆ పాపం చేసింది. శ్రీకాకుళం యాసను పనివాళ్ళకు, తెలంగాణ యాసను హాస్యగాళ్ళకు, రౌడీలకు పంచి, నాయకుడి నోట మాత్రం కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్న తెలుగు పలికించింది. తెలంగాణ ఉద్యమంలో వినిపించిన ఫిర్యాదుల్లో అదొకటి, న్యాయమైన ఫిర్యాదు. నత్తిని హాస్యం చేసిన సన్నివేశాలకు లెక్కే లేదు. ఇవేవీ నేను సమర్థించే కోవలోకి రావు. యాస తప్పు కాదు, ఒక ప్రాంతపు ఒప్పు. దాన్ని తప్పుగా చూపించడమే అసలు అపప్రయోగం. నత్తి మాట ఎంపిక కాదు. ఒక మాటకు బదులు ఇంకో మాట వచ్చి కొత్త అర్థం పుట్టడం అక్కడ జరగనే జరగదు.

అయితే ఈ విద్యలో ఉత్తములు అనిపించుకున్నవాళ్ళు నవ్వును ఎటు తిప్పారో చూడాలి. షేక్‌స్పియర్ 'మచ్ అడో అబౌట్ నథింగ్'లో డాగ్‌బెర్రీ అనే కావలివాళ్ళ పెద్ద ఉన్నాడు. అతని నోట ప్రతి పెద్ద మాటా తలకిందులే. కానీ ఆ నాటకంలో నిర్దోషి అయిన పిల్ల మీద పన్నిన కుట్ర బయటపడింది అతని మనుషుల వల్లే. చక్కగా మాట్లాడే ప్రభువులు ఆ కుట్రను నిజమని నమ్మేశారు. మాయాబజార్‌లోనూ అంతే. శకుని మాటలో ఒక్క అక్షరం జారదు, బుద్ధి మాత్రం వంకర. సంయుక్తాక్షరం పలకలేని రాక్షసులు న్యాయం వైపు నిలబడి శశిరేఖ పెళ్ళి చేస్తారు. గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశం కలిసి వెంకటేశం తల్లి వెంకమ్మ ముచ్చట తీర్చడానికి ఇంగ్లీషు సంభాషణ అంటూ పిల్లల పద్యం ముక్కలూ వాచకంలో వాక్యాలూ అప్పజెబుతారు. వినేవాళ్ళకు అది మహా విద్య. చూస్తూ నవ్వే మనం నవ్వేది ఆ తల్లిని చూసి మాత్రమేనా? అర్థం లేని శబ్దాన్ని అధికారంగా చెలామణి చేసుకునే గిరీశాన్నీ, ఆ చెలామణికి చోటిచ్చిన కాలాన్నీ చూసి నవ్వుతాం. తప్పు మాట ఎవరి నోట వచ్చింది అన్నదానికంటే ఆ నవ్వు చివరికి ఎవరి మీద పడింది అన్నదే లెక్క. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు మొగుణ్ణి 'ముగుడు' అంటాడు. వాడి పక్కనుండే పిల్ల పేరు సీగాన పెసూనాంబ. శ్రీ అనీ ప్రసూనమనీ పెద్దలు ముచ్చటపడి పెట్టుకున్న భారీ పేరు పసినోట్లో పడి అలా చితికిపోయింది. బుడుగు తెలుగు తప్పుల తడక అని ఎవరూ కోప్పడలేదు. పరువు పోయింది పెద్దలకే మరి. ఆరుద్ర ఒక పుస్తకానికి 'ఇంటింటి పజ్యాలు' అని పేరు పెట్టాడు. ఛందస్సు క్షుణ్ణంగా తెలిసినవాడు పద్యాన్ని 'పజ్యం' అన్నాడంటే పీఠం మీది పద్యాన్ని దించి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడన్నమాట. అచ్చుతప్పు అని ఏ ప్రూఫ్ రీడరైనా 'ద్య' దిద్ది ఉంటే పుస్తకం పేరుతో పాటు దాని ఉద్దేశమూ పోయేది.

ఇప్పుడు ఆ ప్రూఫ్ రీడర్ పని ఫోన్ కీబోర్డు చేస్తోంది. నిఘంటువులో ఉన్న మాటకేసి మనల్ని తోయడమే దాని ఉద్యోగం. అది రచయితకు చికాకే గానీ ప్రాణాంతకం కాదు, రెండోసారి కొట్టి నెగ్గవచ్చు. ఈ విద్యకు నిజమైన ముప్పు వేరే వైపు నుంచి వస్తోంది. తప్పు పండాలంటే ఒప్పు వినేవాడి చెవిలో ముందే ఉండాలి. తస్మదీయులు అన్న మాట ఇవాళ చాలామందికి నవ్వు తెప్పించదు. అస్మదీయులంత అసలైన సంస్కృతపదమే అదీ అనుకుంటారు. ఒక రకంగా అది పింగళి విజయం, మాట భాషలో ఇంకిపోయింది. ఇంకో రకంగా అతని హాస్యం చచ్చిపోయింది. శుద్ధివాదులు భయపడుతున్నట్టు అపప్రయోగాలు ఒప్పును చంపడం లేదు. ఒప్పు మరుగున పడడంతో అపప్రయోగాలకే దిక్కు లేకుండా పోతోంది. శుద్ధివాదికీ, తెలిసి తప్పు రాసే రచయితకూ కావలసింది ఒకటే, పాఠకుడికి తెలుగు రావడం.

కాబట్టి శుద్ధివాదులకు ఒక ప్రతిపాదన. బడిలో సంధుల పాఠం ఉంది. సూత్రం, ఉదాహరణ, విడదీసి రాయండి, కలిపి రాయండి. పిల్లలు మార్కుల కోసం బట్టీ పట్టి పరీక్ష హాలు గుమ్మం దగ్గరే వదిలేస్తున్నారు. గుణసంధికి శాతవాహన రాజు లడ్డూల కథ చెప్పండి, మా, ఉదకైః ఎలా కలిసిందో వాళ్ళే పట్టుకుంటారు. జంటపదాల పాఠంలో అన్నం గిన్నం దగ్గర ఆగకుండా గింబళి దాకా వెళ్ళండి. తరువాత వాళ్ళనే ఒక గి-వస్తువును పుట్టించి అది ఏం పని చేస్తుందో రాయమనండి. తరగతిలో నాలుగు టిఫిన్ల పేర్లిచ్చి భారతంలో ఇమడ్చమనండి. తప్పు ఎక్కడ చేయాలో వెతికే పిల్లవాడు ఆ వెతుకులాటలో ఒప్పును పదిసార్లు తాకి చూస్తాడు. మూల్యాంకనం చేసే ఉపాధ్యాయుడికి మాత్రం కొంచెం పని పెరుగుతుంది. ఎర్ర సిరాతో సున్న చుట్టేముందు, వీడు తెలియక రాశాడా తెలిసి రాశాడా అని పిల్లవాణ్ణి పిలిచి అడగాల్సి వస్తుంది.